కొరియా రాజుల కొలువుకూటాన్ని చూసే పద్ధతి: ముంగిట రాళ్ల నుంచి పైకప్పు దాకా

సియోల్ నగరానికి ఉద్యోగం మీదో, చదువు కోసమో, విహారానికో వెళ్లే తెలుగువారు గ్యోంగ్‌బొక్‌గుంగ్ ప్రాసాదాన్ని చూడకుండా తిరిగి రావడం అరుదు. అయితే వారిలో చాలామంది అక్కడి ప్రధాన మందిరం ముందు ఒక ఫొటో దిగి, గడప దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసి, సింహాసనం తప్ప మరేమీ లేదనుకుని పది నిమిషాల్లో వెనుదిరుగుతారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన పనీ అదే. లోపల చూడవలసినది తక్కువే అన్నది నిజం. కొలువు తీరిన విధానమంతా మందిరం ముందున్న ముంగిట్లో, రాళ్ల మీద రాసి ఉంది. అందువల్ల ఆ కట్టడాన్ని నేల నుంచి మొదలుపెట్టి, దక్షిణపు ద్వారం నుంచి ఉత్తరానికి నడుస్తూ, చివరికి పైకప్పు దాకా చూడాలి. ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా తెలియవలసిన పేర్లు

ప్రాసాదంలోని ప్రధాన మందిరాన్ని కొరియా భాషలో జోంగ్‌జోన్ అంటారు. రాజు ప్రతిరోజూ కూర్చుని పనులు చూసే చోటు ఇది కాదు. అందుకు వెనుక వేరే చిన్న మందిరం ఉండేది. సింహాసనారోహణం, నూతన సంవత్సర వందనం, విదేశీ రాయబారుల దర్శనం వంటి పెద్ద వేడుకలకే జోంగ్‌జోన్‌ను ఉపయోగించేవారు. మన మాటల్లో దీనికి కొలువుకూటం అన్న పేరు చక్కగా సరిపోతుంది. పేరు చివర ‘గుంగ్’ అని ఉంటే అది ప్రాసాదమనీ, ‘జోన్’ అని ఉంటే ప్రాసాదంలోని అత్యున్నత స్థాయి మందిరమనీ గుర్తుంచుకుంటే సూచిక పలకలు చదవడం తేలికవుతుంది. రాజు, రాణి, రాజమాత వంటివారి కట్టడాలకే ‘జోన్’ అన్న మాట చేరుతుంది.

సియోల్‌లో, ఒకప్పుడు కొరియాను ఏలిన జోసోన్ వంశపు ప్రాసాదాలు 5 ఉన్నాయి. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లోని కొలువుకూటం గున్‌జోంగ్‌జోన్, చాంగ్‌డొక్‌గుంగ్‌లోనిది ఇన్‌జోంగ్‌జోన్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌లోనిది మ్యోంగ్‌జోంగ్‌జోన్, గ్యోంగ్‌హుయిగుంగ్‌లోనిది సుంగ్‌జోంగ్‌జోన్, డొక్‌సుగుంగ్‌లోనిది జుంగ్‌హ్వాజోన్. మొదటి నాలుగు పేర్ల నడుమనున్న ‘జోంగ్’ అంటే పాలన. దానికి ముందున్న అక్షరం ఆ పాలన ఎలా ఉండాలో చెబుతుంది: ‘గున్’ శ్రద్ధను, ‘ఇన్’ కరుణను, ‘మ్యోంగ్’ వెలుగును, ‘సుంగ్’ గౌరవాన్ని సూచిస్తాయి. గున్‌జోంగ్‌జోన్‌కు ఆ పేరు పెట్టినది జోసోన్ రాజ్యస్థాపనలో ముఖ్యుడైన మంత్రి జోంగ్ డోజోన్. రాజు సోమరి కాకూడదన్న హెచ్చరికను ఆయన సింహాసనం ఉన్న గదికే పేరుగా పెట్టాడు. ఐదవదైన జుంగ్‌హ్వాజోన్ మాత్రం వేరు కాలపుది. ఆ పేరులో పాలన అన్న మాట లేదు. మధ్యస్థత, సామరస్యం అన్న అర్థం ఉంది.

ఏ రోజు వెళ్లాలి

గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కు, రాజవంశపు పూర్వీకుల ఆలయమైన జోంగ్‌మ్యోకు మంగళవారం సెలవు. మిగిలిన ప్రాసాదాలకు సోమవారం సెలవు. ఈ తేడా పట్టించుకోకుండా ఒక మంగళవారం ఉదయం మూసిన ద్వారం ముందు నిలబడి, నాతోపాటు మరో ఇద్దరి పొద్దు పాడుచేసిన అనుభవం ఉంది కనుక దీనిని నొక్కి చెబుతున్నాను. జోంగ్‌మ్యోలో మామూలు పనిదినాల్లో నిర్ణీత వేళలకు గైడుతో పాటే లోపలికి వెళ్లాలి, శని ఆదివారాల్లో మన ఇష్టప్రకారం తిరగవచ్చు. బయలుదేరే ముందు ఆ వేళలను సరిచూసుకోవాలి. కొరియా సంప్రదాయ దుస్తులైన హాన్‌బొక్ ధరించినవారికి ప్రాసాదాల్లో ప్రవేశ రుసుము లేదు. కానీ అద్దెకిచ్చే దుస్తుల పొడవాటి కుచ్చిళ్లతో గరుకు రాళ్ల మీద నడవడం, వంగి పైకప్పు చూడడం కష్టం. చూడడానికే వెళ్లేవారు మామూలు దుస్తుల్లో, మెత్తని అడుగున్న బూట్లతో వెళ్లడం మేలు. ఒక చిన్న బైనాక్యులర్ కూడా ఉంటే మంచిది. దాని అవసరం తర్వాత తెలుస్తుంది.

ద్వారం దగ్గర ఆగండి

గున్‌జోంగ్‌జోన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. గ్యోంగ్‌బొక్‌గుంగ్‌ను 1395లో కట్టారు, 1592లో జపాన్ దండయాత్ర సమయంలో అది కాలిపోయింది, రెండున్నర శతాబ్దాలకు పైగా పాడుబడి ఉంది. ఇప్పుడున్న గున్‌జోంగ్‌జోన్ 1867లో గోజోంగ్ రాజు కాలంలో పూర్తయిన కట్టడం. ఆ పునర్నిర్మాణాన్ని నడిపించినవాడు రాజు తండ్రి హుంగ్‌సోన్ డేవొన్‌గున్.

ముంగిలికి దక్షిణాన ఉన్న గున్‌జోంగ్‌మున్ ద్వారాన్ని దాటిన వెంటనే ముందుకు సాగకుండా, ఒక పక్కకు జరిగి రెండు నిమిషాలు నిలబడాలి. మందిరం దాకా సాగే రాతి బాట మూడు పాయలుగా ఉంటుంది. నడుమ పాయ కొంచెం ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది, అది రాజుది. ఇరువైపులా ఉన్నవి అధికారులవి. నాలుగు వైపులా స్తంభాల నడవలు ముంగిలిని చుట్టుముట్టి, బయటి ప్రపంచాన్ని కంటికి కనబడకుండా చేస్తాయి. వలస పాలనలో జపాన్ ప్రభుత్వం ఈ ద్వారానికి ముందు భాగాన్ని పడగొట్టి తన ప్రధాన కార్యాలయ భవనాన్ని కట్టి 1926లో పూర్తిచేసింది. దాని కూల్చివేత 1995లో మొదలై మరుసటి ఏడాదికి ముగిసింది. అంటే ఇప్పుడు మనం నడిచివచ్చిన బహిరంగ స్థలంలో దాదాపు 70 ఏళ్లు ఒక భారీ రాతి భవనం అడ్డంగా నిలిచి ఉంది.

ద్వారానికి మరో ప్రాముఖ్యం కూడా ఉంది. కొత్త రాజు సింహాసనం ఎక్కేది తండ్రి లేదా ముందటి రాజు మరణించిన దుఃఖకాలంలోనే కనుక, చాలా సందర్భాల్లో ఆ కార్యక్రమం మందిరం లోపల కాక ఈ ద్వారం దగ్గరే జరిగేది. చాంగ్‌డొక్‌గుంగ్‌లో ఇన్‌జోంగ్‌మున్ దగ్గర యోంగ్‌జో, గ్యోంగ్‌హుయిగుంగ్‌లో సుంగ్‌జోంగ్‌మున్ దగ్గర 1776లో జోంగ్‌జో రాజులైనారు. మనలో ఎక్కువమంది ద్వారాన్ని దాటిపోవలసిన గడపగానే చూస్తాము గాని, కొరియా చరిత్రలో అది కూడా ఒక వేదికే.

నేలను చదవడం

ఇక నేల. గున్‌జోంగ్‌జోన్ ముంగిలిలో పరిచిన పలుచని గ్రానైటు పలకలు ఏ రెండూ ఒకేలా ఉండవు. పైభాగం కూడా నునుపుగా చెక్కినది కాదు. ఉలి దెబ్బలు తగిలినట్టు, అక్కడక్కడ అల అణిగిపోయినట్టు ఉంటుంది. చేతగాక అలా వదిలేశారని మొదట అనిపిస్తుంది. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం అక్కడ నిలబడితే కారణం అర్థమవుతుంది: నునుపైన తెల్లరాయి అయితే వెలుతురు కళ్లలోకి కొడుతుంది, ఈ గరుకు పలకల మీద అది చెదిరిపోతుంది. తోలు అడుగున్న పాదరక్షలతో నిలబడిన అధికారులకు కాలు జారదు; అడుగులు తొందరపడవు. వర్షం పడినప్పుడు నీరు పలకల నడుమ సందుల వెంట మెలికలు తిరుగుతూ దక్షిణం వైపు వెళ్లిపోతుంది, ఎందుకంటే చదునుగా కనబడే ఆ ముంగిలి నిజానికి ఉత్తరం నుంచి దక్షిణానికి వాలుగా ఉంది. చినుకులు పడుతున్న రోజున ప్రాసాదానికి వెళ్లడం మానుకునేవారు ఈ దృశ్యాన్ని పోగొట్టుకుంటారు.

బాటకు రెండు పక్కలా మోకాలి ఎత్తుకు కాస్త అటుఇటుగా చిన్న రాతి స్తంభాలు వరుసగా కనబడతాయి. ఇవి హోదా రాళ్లు. వీటిలో ఒకదాని ముందు కూర్చుని, చెక్కిన అక్షరాలను పైనుంచి కిందికి చూడండి. మందిరానికి అన్నింటికన్నా దగ్గరున్న రాయి మీద మూడు అక్షరాలు ఉంటాయి: ‘జోంగ్, ఇల్, పుమ్’, అంటే ప్రధాన ఒకటవ శ్రేణి. దాని వెనుకది ఉప ఒకటవ శ్రేణి. జోసోన్ కొలువులో 9 శ్రేణులు, ఒక్కొక్కదానిలో ప్రధాన, ఉప అని రెండేసి తరగతులు ఉండేవి. మొదటి 3 శ్రేణులకు రెండు తరగతులకూ వేర్వేరు రాళ్లున్నాయి. 4 నుంచి 9 దాకా ఒక్కొక్క రాయే ఉంది. కనుక ఒక్కొక్క వైపు 12, మొత్తం 24 రాళ్లు. వెనక్కి నడుస్తూ లెక్కపెట్టుకుంటే, తొమ్మిదవ శ్రేణి అధికారికి రాజు ముఖం ఎంత దూరంలో కనబడి ఉంటుందో కాళ్లకే తెలుస్తుంది.

సింహాసనం దక్షిణముఖంగా ఉంటుంది. రాజు ఎడమచేతి వైపు, అంటే తూర్పున పౌర అధికారులు, కుడిచేతి వైపు, అంటే పడమర సైనికాధికారులు నిలబడేవారు. ఈ రెండు వరుసలను కలిపి ‘యాంగ్‌బాన్’ అనేవారు. ‘రెండు వరుసలు’ అన్నదే ఆ మాటకు అర్థం. అదే తర్వాత కొరియాలో కులీన వర్గానికి పేరుగా స్థిరపడింది. ఒక సమాజంలో పెద్దింటివారిని పిలిచే మాట ముంగిలిలో నిలబడే చోటు నుంచి పుట్టిందంటే, ఈ రాళ్లకు ఎంత బరువుందో ఊహించవచ్చు.

ముంగిలి దాటేలోపు నేలలో దిగవేసిన ఇనుప కడియాలను కూడా వెదకండి. ఎండకూ వానకూ పందిరి గుడ్డలు కట్టినప్పుడు తాళ్లు బిగించడానికి వాటిని అమర్చారు. మందిరపు స్తంభాలకూ అటువంటి కడియాలున్నాయి. రాజ్యం ఎంత గొప్పదైనా వేడుక నాడు షామియానా తప్పదు కదా.

అరుగు మీద

మందిరం రెండంచెల రాతి అరుగు మీద నిలిచి ఉంటుంది. దీనిని వొల్‌డే అంటారు. మెట్ల నడుమ వాలుగా పరిచిన రాతి మీద ఫీనిక్స్ పక్షుల జంట చెక్కి ఉంటుంది. రాజు పల్లకి ఆ రాతి మీదుగా పోయేది, మోసేవారు మాత్రం రెండు పక్కలా మెట్లెక్కేవారు. కటకటాల స్తంభాల మీద నాలుగు దిక్కులను కాపాడే జీవాలు, తూర్పు ఆసియా రాశిచక్రపు జంతువులు కూర్చుని ఉంటాయి. వీటిని లెక్కపెట్టే పిల్లలకు ఒక చిక్కు ఎదురవుతుంది: 12 రాశి జంతువుల్లో కుక్క, పంది ఇక్కడ లేవు. అరుగు దక్షిణపు మూలల్లో మాత్రం రాతి జంతువుల జంటలు పొదిగి ఉన్నాయి, వాటిని అంటిపెట్టుకుని ఒక పిల్ల కూడా ఉంటుంది. గంభీరమైన ఆ కట్టడమంతటిలో శిల్పి నవ్వు వినబడే చోటు అదొక్కటే అని నాకనిపిస్తుంది.

అరుగు మీద మూడు కాళ్ల కంచు పాత్రలున్నాయి, అవి రాజాధికారానికి గుర్తు. వాటితోపాటు పెద్ద గంగాళాల వంటి లోహపు తొట్లు కనబడతాయి. వీటి పేరు డుమ్యు. నీళ్లు నింపి ఉంచేవారు. మంట పెట్టడానికి వచ్చే అగ్నిభూతం ఆ నీళ్లలో తన వికారమైన ముఖం చూసుకుని, తానే జడిసి పారిపోతుందని నమ్మకం. పూర్తిగా చెక్కతో కట్టిన మందిరాలు ఎన్నిసార్లు కాలిపోయాయో తెలిసినవారికి ఈ నమ్మకం వెనుక ఉన్న భయం అర్థమవుతుంది.

గడప దగ్గర

లోపలికి ప్రవేశం లేదు. తలుపుల దగ్గర నుంచే చూడాలి. బయట రెండంతస్తుల కప్పు కనబడినా లోపల మధ్యలో అంతస్తు లేదు, పైదాకా ఒకటే ఎత్తు. మన పల్లెల్లో ఇంటిని అంకణాల్లో లెక్కపెట్టినట్టే కొరియాలోనూ రెండు స్తంభాల నడుమ దూరాన్ని ‘ఖాన్’ అని లెక్కిస్తారు. గున్‌జోంగ్‌జోన్ ముందు వైపు 5, పక్క వైపు 5 అంకణాలు.

సింహాసనం వెనుకనున్న చిత్రించిన తెరను చూడండి. ఐదు కొండలు, రెండు జలపాతాలు, ఎర్రని కాండాల దేవదారులు, అలలు. మనకు కుడివైపు ఎర్రని సూర్యుడు, ఎడమవైపు తెల్లని చంద్రుడు. ఇల్‌వొరోబోంగ్‌డో అనే ఈ తెర రాజు ఉన్నచోటనే ఉంటుంది. అందులో మనుషులు, జంతువులు లేకపోవడం గమనించాలి. ఆ ప్రకృతి నడుమ కూర్చోవలసిన మనిషి రాజే, ఆయన వచ్చి కూర్చుంటేనే చిత్రం పూర్తవుతుంది.

ఇప్పుడు మోకాళ్లు వంచి, గడపకు వీలైనంత దగ్గరగా కిందికి వంగి, తల పైకెత్తాలి. పక్క తలుపుల దగ్గర నుంచి ఇది ఇంకా తేలిక. కప్పు నడిమధ్యన లోతుగా తీర్చిన చతురస్రంలో రెండు బంగారు డ్రాగన్లు మేఘాల నడుమ తిరుగుతుంటాయి. బైనాక్యులర్ అవసరం ఇక్కడే. కాలి గోళ్లు లెక్కపెడితే ఏడు కనబడతాయి. తూర్పు ఆసియాలో చక్రవర్తి డ్రాగన్‌కు ఐదు గోళ్లుండడం పరిపాటి. అందువల్ల ఈ ఏడు గోళ్లు చూసినవారిని ఆలోచనలో పడేస్తాయి. నిటారుగా నిలబడి చూసేవారికి ఇవి కనబడవు, కనుకనే చాలామంది లోపల ఏమీ లేదనుకుని వెళ్లిపోతారు.

వెనక్కి నడిచి పైకి చూడడం

చివరిగా చూడవలసినది పైకప్పు. చూరు కింద స్తంభాల మీదనే కాక స్తంభాల నడుమ కూడా ఒకదానిమీద ఒకటి పేర్చిన చెక్క మొగ్గల (బ్రాకెట్ల) వరుసలుంటాయి. అవి బరువైన పెంకుల కప్పును ముందుకు చాపి మోస్తాయి. వాటి మీద నీలం, ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు మూలరంగులుగా వేసిన చిత్రలేపనాన్ని డాన్‌చోంగ్ అంటారు. అది కన్నుల పండువే కాదు, చెక్కను తేమ నుంచి, పురుగు నుంచి కాపాడుతుంది కూడా. మొగ్గలకు అడ్డంగా సన్నని వల కట్టి ఉంటుంది. పక్షులు గూడు పెట్టి పాడుచేయకుండా ఈ ఏర్పాటు పాతకాలం నుంచే ఉంది. కప్పు అంచు గట్ల మీద చిన్న బొమ్మలు ఒకదాని వెనుక ఒకటి కూర్చుని ఉంటాయి. గున్‌జోంగ్‌జోన్ మీద ఇవి 7. అదే ప్రాసాదంలోని విందు మండపం గ్యోంగ్‌హోరు మీద 11 ఉండడం విశేషం.

ఫొటో తీయాలనుకుంటే అందరూ నిలబడే నడిమి బాటను వదిలి ముంగిలి ఆగ్నేయ మూలకు, నడవ కిందికి వెళ్లండి. అక్కడి నుంచి మందిరం మూలవాటుగా, దాని వెనుక ఉత్తరాన బుగాక్సాన్, పడమర ఇన్వాంగ్సాన్ కొండలతో కలిసి కనబడుతుంది. కప్పు వంపు కొండ వంపుతో మాట కలిపినట్టుంటుంది.

మిగిలిన మందిరాల్లో తేడాలు

ఒక్క గున్‌జోంగ్‌జోన్‌ను ఇలా చూసినవారికి మిగిలినవి తేడాలను బట్టి త్వరగా అర్థమవుతాయి. ఇన్‌జోంగ్‌జోన్ 1803లో కాలిపోగా 1804లో తిరిగి కట్టినది. దాని కప్పు గట్టు మీద ఐదు పూల గుర్తులు, లోపల విద్యుద్దీపాలు, చెక్క నేల, తెరగుడ్డలు ఉంటాయి. ఇవి 20వ శతాబ్దపు తొలినాళ్లలో చివరి చక్రవర్తి సున్‌జోంగ్ ఆ ప్రాసాదంలో ఉన్నప్పటి మార్పులు. వలస పాలనలో ఈ ముంగిట రాళ్లు తీసి గడ్డి వేశారు. ఇప్పుడున్నవి తర్వాత పరిచిన పలకలు కనుక, గున్‌జోంగ్‌జోన్ నేలతో పోల్చితే మరీ చదునుగా కనబడతాయి. పోల్చి చూడడం మరవకండి.

జుంగ్‌హ్వాజోన్‌ను 1902లో రెండంతస్తులుగా కట్టారు, 1904లో కాలిపోయింది, 1906లో ఒక్క అంతస్తుగా మాత్రమే లేచింది. 1897లో గోజోంగ్ చక్రవర్తిగా ప్రకటించుకున్న తర్వాతి కట్టడం కనుక, మెట్ల నడుమ రాతి మీద ఫీనిక్స్‌కు బదులు డ్రాగన్లు, కిటికీలకు పసుపు రంగు ఉన్నాయి. చుట్టూ ఉండవలసిన నడవలు లేవు, ఒక చిన్న ముక్క మిగిలింది. సుంగ్‌జోంగ్‌జోన్ విషయం మరింత విచిత్రం: ప్రాసాదంలో ఉన్నది కొత్తగా కట్టినది. అసలు కట్టడాన్ని 1926లో అక్కడి నుంచి తరలించారు, అది ఇప్పుడు డోంగ్‌గుక్ విశ్వవిద్యాలయంలో బౌద్ధ ప్రార్థనామందిరంగా ఉంది.

నా మట్టుకు ఇష్టమైనది మ్యోంగ్‌జోంగ్‌జోన్. 1592 నాటి మంటల తర్వాత గ్వాంగ్‌హేగున్ పాలనలో 1616లో తిరిగి కట్టిన ఈ చిన్న మందిరం, ఇప్పుడు మిగిలి ఉన్న కొలువుకూటాలన్నింటిలోకీ పాతది. ఒక్కటే అంతస్తు; దక్షిణానికి కాక తూర్పుకు తిరిగి ఉంటుంది. అందువల్ల ఉదయం 9 గంటలకు తెరవగానే వెళ్లాలి. అప్పుడు వెలుతురు నేరుగా దాని ముఖం మీద పడుతుంది. 1909లో ఇదే ప్రాసాదంలో జంతుప్రదర్శనశాల తెరిచారన్న సంగతి ఆ ప్రశాంతతలో నమ్మబుద్ధి కాదు.

జోంగ్‌మ్యోలో పద్ధతి మార్చుకోవాలి

చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌కు దక్షిణానే జోంగ్‌మ్యో ఉంది. 1930లలో ఈ రెండింటి నడుమ రోడ్డు వేసి విడదీశారు. ఆ రోడ్డును సొరంగంలోకి దించి, పైన చెట్లు నాటి 2022లో మళ్లీ కలిపారు. ఇక్కడి ప్రధాన మందిరం పేరు కూడా జోంగ్‌జోనే. కానీ ఇది బతికున్న రాజు కొలువు కాదు. గతించిన రాజుల, రాణుల ఆత్మ పలకలను, అంటే వారి ఆత్మలు నిలుస్తాయని నమ్మే చెక్క పలకలను ఉంచిన చోటు.

బాట ఇక్కడా మూడు పాయలే. నడుమనున్నది పూర్వీకుల ఆత్మలది, తూర్పుది రాజుది, పడమరది యువరాజుది. ప్రాసాదంలో రాజు నడిచిన నడిమి బాట ఇక్కడ రాజుకే దక్కలేదు. సందర్శకులు కూడా దాని మీద అడుగు పెట్టకూడదు. మందిరానికి దక్షిణ ద్వారం ఆత్మలకు, తూర్పు ద్వారం రాజుకు, పడమటి ద్వారం వాద్యకారులకు. కనుక మనం చూసే మొదటి చూపు పక్కనుంచే పడుతుంది. వెంటనే అరుగు దక్షిణపు అంచుకు వెళ్లి, ఎదురుగా నిలబడి చూడాలి. 100 మీటర్లకు పైగా సాగే ఒకే కప్పు, ఒకే తీరు స్తంభాలు, 19 గదులు. డాన్‌చోంగ్ రంగులు లేవు, డ్రాగన్లు లేవు. ముదురు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద పెంకులు, అంతే. మోకాళ్లు వంచి వెదకవలసినది ఇక్కడ ఏదీ లేదు. కదలకుండా నిలబడి పొడవును చూడడమే ఇక్కడి పద్ధతి.

ఆ పొడవు ఒక్కసారి వచ్చినది కాదు. 1395లో 7 గదులతో మొదలై, 1592లో కాలి, 1608లో 11 గదులతో తిరిగి లేచి, 1726లో 15, 1836లో 19 అయ్యింది. పలకలు పడమటి చివర వంశస్థాపకుడు తేజోతో మొదలై తూర్పుకు సాగి సున్‌జోంగ్‌తో ముగుస్తాయి. 19 మంది రాజులవి, 30 మంది రాణులవి కలిపి 49. చోటు చాలక, 1421లో పక్కన యోంగ్‌న్యోంగ్‌జోన్ అనే మరో మందిరం కూడా కట్టవలసి వచ్చింది. మే నెల మొదటి ఆదివారం ఇక్కడ జరిగే జోంగ్‌మ్యో జేర్యే పూజ చూడగలిగితే ఆ అరుగు ఎందుకంత విశాలమో తెలుస్తుంది: ఒక వాద్యబృందం పై అరుగు మీద, ఇంకొకటి కింద కూర్చుంటాయి, వాటి నడుమ 64 మంది ఎనిమిదేసి వరుసల్లో నెమ్మదిగా నృత్యం చేస్తారు. ఆ సంగీతానికి మూలం సేజోంగ్ రాజు కూర్పులు. 1464లో వాటిని ఈ పూజకు స్వీకరించారు.

చూడడం ముగించే ముందు 19 గదుల తలుపులను ఒక చివర నుంచి మరో చివరకు లెక్కపెట్టుకుంటూ నడవండి. కాలిపోయిన జోంగ్‌మ్యో తిరిగి పూర్తయినది 1608లో, గ్వాంగ్‌హేగున్ సింహాసనం ఎక్కిన ఏడాదే. మ్యోంగ్‌జోంగ్‌జోన్‌ను నిలబెట్టినదీ, గ్యోంగ్‌హుయిగుంగ్‌ను కట్టించినదీ ఆయన కాలంలోనే. 1623లో ఆయనను పదవి నుంచి దించేశారు. పేరు చివరనున్న ‘గున్’ రాజుకు కాదు, రాకుమారుడికి చేర్చే మాట (శ్రద్ధను సూచించే ‘గున్’ వేరు). ఈ 19 తలుపుల వెనుక గాని, పక్కనున్న యోంగ్‌న్యోంగ్‌జోన్‌లో గాని ఆయన పలక లేదు.